మూత తాత

“లే తాతా, నీ సింహాసనం మాకు కావాలి!” అన్నాడు పొడుగోడు.

హాస్టల్ వంటగది వెనక, పాత బయోగ్యాస్ తొట్టి మీద కూర్చున్న మనిషి కదల్లేదు.

తెల్లటి జుట్టు, వణికే చేతులు, మధ్యలో చీలిన ఎడమ కనుబొమ్మ. రోజూ పొద్దున్నే వచ్చి ఆ ఇనుపమూత మీద చతికిలబడతాడు. పిల్లలు మూత తాత అని పేరు పెట్టారు.

యూనివర్సిటీ పచ్చదనం సంఘానికి ఇప్పుడా తొట్టి కావాలి. నెల తిరిగేసరికి తనిఖీ బృందం వస్తోంది. హాస్టల్లో పారేసే తిండితో గ్యాస్ పుట్టించి, దానిమీదే టీ కాచి వాళ్ళ చేతికివ్వాలని కార్యదర్శి పట్టుదల. తొట్టి ఎందుకు మూసేశారంటే, కాగితాల్లో ‘మరమ్మతు’ అని ఉంది. పన్నెండేళ్ళ మరమ్మతు!

“దిగొ...ద్దు,” అన్నాడు తాత. నాలుక మడతపడుతోంది. “లోపల... గాలి... చెడ్డది.”

“గాలేనా తాతా, దయ్యం కూడా ఉందా?”

అందరూ గొల్లుమన్నారు. కార్యదర్శి నవ్వలేదు. వారం నుంచీ ఇదే గోల, ఆ పిల్లకి ఒళ్ళు మండిపోయింది.

“బాబాయ్, ఈయన్ని గేటు బయట వదిలి రండి,” అంది వాచ్‌మన్‌తో.

“పిచ్చిమాలోకం అమ్మా. ఎవరి జోలికీ పోడు.”

“మా పనికి అడ్డం పడుతున్నాడుగా!”

వాచ్‌మన్ రెక్క పట్టుకుని లేపాడు. మూత వైపు చెయ్యి చాస్తూ తాత భోరుమని ఏడ్చాడు. ఒకడు దాన్ని వీడియో కూడా తీశాడు, సిగ్గులేకపోతే సరి.

మూత తీశారు. పొడుగోడు బురద తోడ్డానికి నిచ్చెన వేసుకుని దిగాడు.

“ఏం లేదే ఇక్కడ! బకెట్ అందిం...”

మాట ఆగిపోయింది.

“ఒరేయ్, వేషాలెయ్యకు!” అంది కార్యదర్శి.

తొంగి చూసింది. బురదలో బోర్లా పడి ఉన్నాడు.

మిగతావాళ్ళు కేకలేస్తూ పరిగెత్తారు. ఆమె నిచ్చెన మీద కాలు పెట్టింది. రెండు మెట్లు దిగిందో లేదో, ఎవరో వంగి, జుట్టు పట్టి పైకి లాగారు.

తాత! గోడ దూకి వచ్చినట్టున్నాడు, మోకాళ్ళ నిండా నెత్తురు.

“వదులు! వాడు చచ్చిపోతాడు, వదులు!”

రక్కింది, కొరికింది, నోటికొచ్చినట్టు తిట్టింది. అగ్నిమాపక దళం వచ్చేదాకా ఆయన పట్టు సడలలేదు.

“ఇంకొకరు... వద్దు... ఇంకొకరు వద్దు,” అంటూనే ఉన్నాడు.

పొడుగోడు శవమై పైకొచ్చాడు. అయ్యో, ఇరవయ్యేళ్ళైనా నిండలేదు. తొట్టి నోటి మీద వంగి పీల్చిన గాలిని అసలే పాడైన ఆ ఒళ్ళు తట్టుకోలేక, మర్నాడు ఆస్పత్రిలో తాతా పోయాడు.

మూడోరోజు, పొడుగోడి ఫొటో తగిలిద్దామని కార్యదర్శి సంఘం గదికి వెళ్ళింది. గోడ మీద దుమ్ముకొట్టుకున్న పాత ఫొటో ఒకటి ఉంది. పక్కకు జరుపుదామని పట్టుకుని, చున్నీతో అద్దం తుడిచింది.

‘సంఘం ప్రారంభం’ అని ఉంది. పన్నెండేళ్ళ కిందటిది. కొత్త తొట్టి ముందు పారలు పట్టుకుని ముగ్గురు విద్యార్థులు. అటూ ఇటూ ఉన్న ఇద్దరి కిందా తర్వాతెవరో పెన్నుతో మరణ తేదీ రాశారు, ఇద్దరికీ ఒకే తేదీ.

మధ్యలో నల్లటి ఒత్తుజుట్టుతో నవ్వుతున్న ఇరవయ్యేళ్ళ కుర్రాడికి ఎడమ కనుబొమ్మ చీలి ఉంది. కింద ‘మొదటి కార్యదర్శి’ అని రాసుంది.