తేజేశ్వర్ దాచిన స్టెప్పు

నీకు తెలిసిన పని పక్కవాడికి పూర్తిగా నేర్పావా సోదరా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పు!

ఐర్లండులో, డబ్లిన్ పక్కనున్న బ్లాంచర్డ్స్‌టౌన్ ఆఫీసులో మన తేజేశ్వర్ నేర్పాడు. జీతాల సిస్టమ్ ఆగితే ఏం చెయ్యాలో, అందరికీ పనికొచ్చేలా కంపెనీ ఏఐకి ఎక్కించమన్నారు. అన్నీ ఎక్కించి ఒక్క స్టెప్పు మింగేశాడు.

"అదేంటన్నా?" అంది పక్క సీటు ధరణి.

"పిచ్చి పిల్లా, అంతా చెప్పేస్తే రేపు మనల్నెవరు ఉంచుకుంటారు?"

దీపం వెలిగించి కుంచం కింద పెట్టకూడదంటుంది బైబిల్ వాక్యం. ఈయన ఆ కుంచం మీదెక్కి కూర్చున్నాడు! ఆఫీసేమో ఉత్తమ గురువని షీల్డు ఇచ్చింది.

బిడ్డ పుట్టాడని నెలల తరబడి సెలవు పెట్టిన తేజేశ్వర్ తిరిగొచ్చిన రోజే సిస్టమ్ ఆగింది.

"సాయంత్రానికి జీతాలు పడాలి. నువ్వున్నావుగా, గ్రాండ్, ఇక దిగుల్లేదు! అందుకేగా నిన్ను ఉంచుకున్నది," అంటూ మేనేజరు వెనకే నిలబడ్డాడు.

తేజేశ్వర్‌కి సరిగ్గా ఆ స్టెప్పే గుర్తు రాలేదు. చెమటలు కక్కుతూ ఏఐని అడిగాడు. ఆయన నేర్పిందంతా అది వినయంగా ఆయనకే అప్పజెప్పింది.

"ధరణీ, నీకైనా తెలుసా తల్లీ?"

"మీరు చెప్తే కదన్నా తెలిసేది!"

సోదరులారా, రేపన్నది మన చేతిలో లేదు. దాచుకున్నది ఈ పూటే పక్కవాడికి చెప్పెయ్యండి, మీరే మరిచిపోకముందే!