వాడిపోయిన బత్తాయిలు

మైదానం చుట్టూ మూడో రౌండు పరిగెడుతూ షాలోమి మళ్లీ కూలబడింది. పిక్క పట్టేసి రాయిలా బిగుసుకుపోయింది. పరదేశి మాస్టారు నోట్లోని విజిల్ తీసి గడ్డిలోకి విసిరికొట్టారు. ఆ పిల్ల కాలు ఒళ్లో పెట్టుకుని, పాదాన్ని వెనక్కి వంచుతూ పళ్లు నూరారు. శనివారం విజయవాడలో రాష్ట్ర జట్టు ఎంపిక. ఇవాళ బుధవారం. ఈ కాలితో ఈ పిల్ల పరిగెత్తినట్టే.

“బత్తాయిలు తిన్నావా?”

“అమ్మకిచ్చాను సార్.”

“బొండాం నీళ్లు తాగావా?”

“అవీ అమ్మకే ఇచ్చాను సార్.”

ఎప్పుడడిగినా ఇదే జవాబు. మాస్టారికి ఒళ్లు మండిపోయింది.

నూజివీడు డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి మరీ చెప్పింది. పొద్దునా సాయంత్రమూ ఇంత పరుగు పెడితే చెమటతో పాటు పొటాషియమూ పోతుంది, విటమిన్ సి కూడా ఒంటికి ఎక్కువే కావాలి, పోయినదాన్ని తిండితోనే పూడ్చాలి అంది. “చుట్టూ మామిడితోటలు పెట్టుకుని, ఆగిరిపల్లి పిల్లకి విటమిన్ సి తక్కువేంటండీ?” అని నవ్వింది కూడా. ఆ నవ్వు ఆయనకి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆ రోజే బజారుకెళ్లి సంచెడు బత్తాయిలు, ఓ బొండాల గెల కొని షాలోమికిచ్చారు. ఆ తర్వాత మళ్లీ బజారుకెళ్లే అవసరమే రాలేదు. ఆదివారం రెండో ఆరాధన అయ్యాక చర్చిలో కానుకల వేలం ఉంటుంది. జనం బల్ల మీద పెట్టిన కోళ్లు, గుమ్మడికాయలు, పళ్లు అన్నీ పాటకొస్తాయి. చూస్తే అక్కడా బత్తాయిలూ బొండాలూ ఉన్నాయి. చర్చికీ సాయం, పిల్లకీ బలం అనుకుని మాస్టారు పంతంపట్టి పాడేసుకున్నారు. పై ఆదివారమూ అంతే, ఆ పై ఆదివారమూ అంతే. కాకపోతే బత్తాయిలే వారం వారానికీ తొక్క ముడతలు పడుతున్నాయి. “దేవుడికిచ్చేవాళ్లు కాస్త తాజావి ఇస్తే వీళ్ల సొమ్మేం పోయింది?” అని విసుక్కుంటూనే సంచిలో వేసుకొచ్చి పిల్లకిచ్చేవారు.

ఇంత చేసినా పిక్క పట్టేస్తోందంటే ఇంట్లోనే ఏదో జరుగుతోంది. ఇక ఊరుకుని లాభం లేదనుకుని, షాలోమిని బండెక్కించుకుని ఆమె తల్లి దయామణి పనిచేసే మామిడికాయల షెడ్డుకి తిన్నగా పోనిచ్చారు. కాయలు ఏరి ట్రేల్లో సర్దుతున్న దయామణి, కూతురు కుంటుతూ రావడం చూసి గబుక్కున లేచింది.

“ఏమ్మా దయామణీ, నేను తెచ్చే పళ్లన్నీ ఏం చేస్తున్నావు? అమ్ముకుంటున్నావా?”

“ఎంత మాటన్నారండీ మాస్టారూ.” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “అట్టాంటి దాన్నాండీ నేను?”

“మరి పిల్లకి పెట్టావా?”

దయామణి తల దించుకుంది. “లేదండి. మొక్కుకున్నానండి. పిల్ల రాష్ట్రం టీముకి వెళ్లేదాకా మా గడపలోకి వచ్చిన పండు ఏదైనా సరే దేవుడికేనని. ఇంతమంది తింటన్నా, ఇక్కడ మామిడికాయ ముక్క కూడా దాన్ని ముట్టనివ్వట్లేదండి.”

మాస్టారు రెండు చేతులతో నెత్తి పట్టుకున్నారు. “పండు తింటేనేగా అది పరిగెత్తేది? పరిగెత్తితేనేగా టీముకి వెళ్లేది? దేవుడొచ్చి నిన్ను బత్తాయిలు అడిగాడా?”

“అట్టా అనమాకండి. ఆయన వింటన్నాడు.”

“వింటుంటే ఈ కాలెందుకు పట్టేస్తోంది?” మాస్టారు పిల్ల పిక్కకేసి వేలు చూపించారు. “అయినా నేనూ ఆ చర్చికే వస్తానుగా. నువ్వు బల్ల దగ్గర పళ్లు పెట్టడం ఒక్కసారీ చూళ్లేదే?”

“మీరు రెండో ఆరాధనకి కదండీ వచ్చేది. నేను మొదటిదానికెళ్లి, బల్ల మీద పెట్టేసి, అట్నుంచటే పనిలోకొచ్చేస్తానండి.” దయామణి కొంగుతో కళ్లు తుడుచుకుంది. “అయినా మీ పళ్లు వృథాగా పోవట్లేదండి మాస్టారూ. వేలంలో ఎవరో ఒకాయన ప్రతి వారం పంతంపట్టి అన్నీ ఆయనే పాడుకుపోతన్నాడంట. ఆయనెవరో నాకు తెలీదుగానీ, అవి తిని ఆ ఇంటి పిల్లలన్నా గట్టిగా ఉండాలని రోజూ ప్రార్థన చేస్తన్నానండి.”