స్విచ్చి లేని ఫ్యాను

యాంగు అవ్వ దగ్గర్నుంచి ఫోను రాగానే ఇల్‌గు గుండె జారిపోయింది.

"నీ పనితనం చూద్దువు గాని, ఓసారి వచ్చిపో. బూజు సంగతి ఇవాళే తేలాలి" అని పెట్టేసిందామె. ఎక్కడ, ఎంత అని అడిగే వ్యవధి కూడా ఇవ్వలేదు.

ఇళ్లలోకి చలి రాకుండా గోడలకు లోపలివైపు థర్మోకోల్ పలకలు బిగించడం ఇల్‌గు వృత్తి. కాపురం పట్నంలో, పని కొండ ఊళ్లలో. నిరుడు పక్క ఊళ్లో ఓ ఇంటికి ఇలాగే బిగించాడు. పలకల వెనక చెమ్మ చేరింది. చలికాలం గడవకముందే గోడ కాగితం మీద నల్లగా బూజు తేలింది. అంతా ఊడబెరికి, సొంత ఖర్చుతో మళ్లీ చేసిచ్చాడు పాపం. అయినా ఆ ఊరు అతనికి 'బూజు మేస్త్రి' అని పేరు పెట్టి మరీ సాగనంపింది.

ఈ ఊళ్లో అతని మొదటి పని యాంగు అవ్వ వెనకగది. యాంగు అనే ఊరి నుంచి కోడలిగా వచ్చిందని ఆమెకు ఆ పేరు. ఆమె పెరట్లో జాడీల వరస ఉంది. ఆ జాడీల్లో ఊరే సోయా ముద్ద, జాంగ్, పడందే ఊళ్లో ఎవరింట్లోనూ పులుసు దిగదు. ఆమె మాట పడందే ఎవరింట్లోనూ మేకు దిగదు. అవ్వ గది బాగుందంటే మేమూ చేయించుకుంటామని మిగతా ఇళ్లవాళ్లు కాచుకుని కూర్చున్నారు. బాగాలేదందా, ఇల్‌గు కొట్టు కట్టేసి బావమరిది వేపుళ్ల కొట్లో కోళ్లు వేయిస్తూ బతకాల్సిందే. బావమరిది అప్పుడే అతనికి సరిపోయే ఏప్రాన్ కూడా చూసిపెట్టాడు.

అందుకే ఈసారి ఇల్‌గు ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేశాడు. పలకల మీద ఆవిరి చొరబడకుండా ప్లాస్టిక్ పొర పరిచాడు. అతుకు అతుక్కీ టేపు వేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. అవ్వ పెరట్లో క్యాబేజీలకు ఉప్పు పట్టించే హడావుడిలో ఉండగా, ఎవరూ అడక్కుండానే, ఊరికే, గదిలోని తేమంతా బయటికి లాగేసే ఫ్యానొకటి బిగించాడు. దానికి స్విచ్చి మాత్రం పెట్టలేదు. పెద్దవాళ్ల చేతికి స్విచ్చి ఇస్తే కరెంటు దండగని ఆపేస్తారు, అది అతను తిన్న మరో దెబ్బ.

అంత చేసినా బూజు వచ్చిందంటే ఇక తన మొహాన రాసిపెట్టి ఉందనుకుంటూ కొండెక్కాడు.

అవ్వ గుమ్మంలోనే నిలబడి ఉంది. దణ్ణం పెట్టినా మొహం విప్పలేదు.

"ముందు ఇది చెప్పు. ఆ ఫ్యాను పీక నొక్కే మీట ఎక్కడ?"

"లేదవ్వా. కావాలనే పెట్టలేదు."

"కావాలనే" అంది అవ్వ, ఆ మాటను ఎక్కడో దాచిపెట్టుకుంటున్నట్టు. "సరే, లోపలికి నడు. ఆ మూలనున్న పక్క మాత్రం తొక్కకు."

గదిలో, అడుగునుంచి వచ్చే పొయ్యి వేడికి నేల బాగా కాలే మూలన, మందపాటి బొంత కప్పి ఉంది. కింద ఎత్తుగా, కదలకుండా. అవ్వ మొగుడు తాత పడుకున్నాడు కాబోలు, ఈ వయసులో వెచ్చటి నేల కంటే ఏం కావాలి అనుకున్నాడు ఇల్‌గు. బూట్లు విప్పిన కాళ్లతో పిల్లిలా నడిచాడు.

ముందు చెమ్మ కొలిచే మీటరు పెట్టాడు. ముల్లు కదల్లేదు. బీరువా పక్కకి జరిపి వెనక టార్చి వేసి చూశాడు. కిటికీ మూలలు తడిమాడు. ముక్కు గోడకి ఆనించి వాసన చూశాడు. చివరికి మనసు ఆగక, కాగితం ఓ మూల కోసి, పలక కొంచెం లేపి వేలు పెట్టాడు. వేలికి చెమ్మ కాదు కదా, చల్లదనం కూడా తగల్లేదు.

అతనికి ఒక్కసారిగా ఊపిరాడింది. ఏడుపొచ్చినంత పనైంది కూడా.

"అవ్వా" అన్నాడు, తాత నిద్ర చెడకుండా గొంతు తగ్గించి, "ఎక్కడా బూజు లేదు."

"మూలల్లో?"

"లేదు."

"గదంతా వెతికినా లేదంటావు."

"భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. ఈ గదిలో బూజనేది పుట్టదు. నాదీ పూచీ."

"ఇదే ముక్క ఊళ్లో అందరి ముందూ చెబుతావా?"

"ఎందుకు చెప్పనూ? మైకు పెట్టి చెబుతాను." ఇన్నాళ్లకి తనకో మంచి రోజు వచ్చిందని ఇల్‌గు మొహం విచ్చుకుంది. ఊరి ఇళ్లన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి. బావమరిది తన ఏప్రాన్ తనే కట్టుకోవచ్చు.

అంతలో పెరట్లోంచి దగ్గు వినిపించింది. "ఏమేవ్, మేస్త్రి వచ్చాడా? జరిగింది చెప్పావా?" అని తాత కేకేశాడు.

ఇల్‌గు పెరటి వైపు చూశాడు. మళ్లీ బొంత వైపు చూశాడు.

అవ్వ వంగి బొంతను ఒక్క లాగు లాగి, కింద గడ్డిలో పేర్చి ఉన్న, ఉడికించి అచ్చుపోసిన సోయా గింజల దిమ్మెల్లోంచి ఒకటి తీసి అతని చేతిలో పెట్టి అంది: "బూజు పట్టాలనే కదరా అబ్బాయ్, గది వెచ్చగా చేయించి మరీ నెల రోజులుగా వీటిని పడుకోబెట్టింది, ఇవిలా బూజు పట్టక ఎండి రాళ్లైపోతే ఈ ఏడు ఊరందరికీ జాంగ్ దేంతో పెట్టను?"