రోజా కుషాయి కేకు

రుచి చూడకూడని నెలలో కేకు ఒప్పుకున్నందుకు రహీమున్నీసా పొద్దున్నుంచీ కోడలిని తిడుతూనే ఉంది.

“రోజా ఉండి కేకు చేస్తదంట! తీపుందో చేదుందో నీకెట్ల తెలుస్తది? కల పడ్తదా?”

ఫరా బాదం పిండి జల్లిస్తూ ఉండిపోయింది.

గద్వాలలో బట్టల దుకాణం నడిపే దావూద్ మనవరాలు ఆ రోజే మొదటిసారి రోజా ఉంది. పిల్ల మొదటి ఉపవాసాన్ని చిన్న పెళ్లిలా చేస్తారు. దాన్నే రోజా కుషాయి అంటారు. సాయంత్రం ఇఫ్తారుకు చుట్టాలంతా వస్తారు, పిల్ల మెడలో పూలదండ వేసి కేకు కోయిస్తారు. బేకరీ కేకు వద్దంది పిల్ల. ఫోనులో చూసిన ఫ్రెంచి కేకే కావాలంది. పలచని బాదం పొరలు, పొరపొరకూ కాఫీ పాకం, నడుమ వెన్న క్రీము, పైన క్రీముతోనే గులాబీలు.

కేకు కుదిరితే తన దుకాణం పక్కనున్న చిన్న షట్టరు గదిని కేకుల కొట్టు పెట్టుకోవడానికి ఫరాకు ఇస్తానన్నాడు దావూద్. కుదరకపోతే పండుగ తర్వాత అన్న వచ్చి నాగర్‌కర్నూలు తీసుకుపోతాడు. అక్కడ వదిన చెప్పుచేతల్లో బతకాలి. ఇక్కడైతే ఈ అత్త నోరు. ఆ షట్టరు తప్ప ఫరాకు మూడో దారి లేదు.

“నాలిక కొసకు పెట్టుకొని ఉమ్మేస్తే రోజా పోదంట అమ్మీ. మసీదుల హజ్రత్ చెప్పిండు,” అంది చివరికి.

“హజ్రత్ ఇంట్ల పోదేమో. నా ఇంట్ల నాలికకు తగిలిందంటే పోయినట్టే. నా కొడుకు మయ్యత్ నట్టింట్ల ఉన్ననాడు సుత రోజా ఇడువలే నేను. నాకు చెప్తవా నువ్వు?”

నిరుడు రంజాన్‌లోనే ఫరా భర్త ఉవైస్ పోయాడు. పెళ్లాం కేకులు నేర్చుకుంటోందని కర్నూలులో ఓవెన్ కొన్నాడు. బండి వెనక కట్టుకుని వస్తుంటే ఆలంపురం చౌరస్తా దాటాక లారీ గుద్దింది. ఓవెన్‌కు గీత కూడా పడలేదు.

భర్త పోయాక పాటించే ఇద్దత్ గడువు తీరాక ఫరా దాన్ని అటక మీంచి దించిన నాడు రహీమున్నీసా ఒకటే మాట అంది. “నా కొడుకును తిన్న పెట్టె.” అప్పటి నుంచీ ఆ ఇంట్లో దాని పేరు అదే.

బాదం పొరలు చక్కగా వచ్చాయి. పాకం చల్లారింది. ఫరా వెన్న గిలకొట్టి, చక్కెర పొడి కోసం గట్టు మీది స్టీలు డబ్బా అందుకుంది. వెనక నుంచి మాటలు పడుతూనే ఉన్నాయి. వాటి మీది కోపంతో సగం డబ్బా వంపింది. క్రీము మల్లెపువ్వులా తేలింది.

మూత పెట్టి, మధ్యాహ్నపు జొహర్ నమాజుకు పక్కగదిలోకి పోయింది.

తిరిగి వచ్చేసరికి క్రీము గిన్నె మోరీ దగ్గర బోర్లా పడి ఉంది. రహీమున్నీసా అక్కడే నిలబడి ఉంది. కోడలు చూస్తుండగానే తుపుక్కున మోరీలోకి ఉమ్మి, కొంగుతో మూతి తుడుచుకుంది.

“అమ్మీ! ఏం చేసినవ్?”

“పారబోసిన. కండ్లు కనపడ్తలేవా?”

“ఎందుకు?”

“నా ఇల్లు. నా ఇష్టం.” గట్టు మీది డబ్బా లాక్కుని చంకన పెట్టుకుంది. “నా డబ్బలు ముట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలె నీకు? మిక్సీ ఉంది గద, కొత్తగ పట్టుకో. చేతులు పడిపోయినయా?”

ఫరా ఏడవలేదు. ఏడిస్తే ఆమె గెలిచినట్టు.

“నువ్వు నా చావు కోరుతున్నవ్.”

“చావు నీ కాడికి రాదు తియ్యి. రాగూడని కాడికి వచ్చి పోయింది.”

ఆ తర్వాత ఫరా పొట్లంలోని చక్కెర మిక్సీలో పట్టింది. గులాబీల కోసం దాచిన వెన్నంతా పొరల మధ్యకే సరిపోయింది. పైన పెట్టడానికి ఏమీ మిగల్లేదు. ఇఫ్తారు కోసం తెచ్చిన ఖర్జూరాలను నిలువునా చీల్చి, గింజ తీసి, రేకుల్లా విప్పి, ఒక్కోదాని నడుమ పిస్తా పలుకు గుచ్చింది.

మగ్రిబ్ అజాన్ వినపడగానే, దండ వేసుకున్న పిల్ల కేకు మీది ఖర్జూరం తీసుకుని దాంతోనే రోజా విప్పింది. ఆడవాళ్లు ముచ్చటపడి “మాషా అల్లా” అన్నారు. కోసిన కేకు నిమిషాల్లో అయిపోయింది. దావూద్ రెండో ముక్క అడిగి తిని, అందరి ముందూ షట్టరు తాళంచెవి ఫరా చేతిలో పెట్టాడు.

పండుగ మరునాడే ఫరా బట్టలు సర్దుకుంది. షట్టరు వెనక చిన్న గది ఉంది, ఒక్క మనిషికి చాలు. మధ్యాహ్నం ఆటో వచ్చింది. ముందు ఓవెన్ ఎక్కించింది. రహీమున్నీసా గడపలో కూర్చుని చూస్తోంది.

తిండి పెట్టకుండా పోయిందన్న మాట పడటం ఇష్టంలేక, ఫరా షీర్ ఖుర్మా పాయసం గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టింది.

“తీస్కపో. రోజా ఉన్న.”

“పండుగ నిన్ననే అయిపాయె. ఇయ్యాల ఏం రోజా?”

“ఒకటి పోయింది. దాని బదులు.”

ఫరా నవ్వింది. ఆ నవ్వులో మర్యాద లేదు.

“నీదా! కొడుకు మయ్యత్ కాడ సుత ఇడువలేదంటివి గద? మరి ఎన్నడిడిచినవ్?”

రహీమున్నీసా గిన్నెను కాలితో పక్కకు నెట్టింది.

“నువ్వు చక్కెరనుకొని ఉప్పు డబ్బ గుమ్మరిచ్చిన నాడు, ఆ క్రీము నాలికకు పెట్టుకొని చూసిన.”