తెర సందులో చెయ్యి

"చెయ్యి పెట్టవే!" పళ్ళు బిగించి అంది కోడలు మెయ్‌ఝెన్.

పనిమనిషి ఆహే తెర లోపల ఇంకాస్త వెనక్కి జరిగింది. "తెలిస్తే పెద్దమ్మగారు నన్ను బతకనిస్తారా, అమ్మగారూ?"

"తెలిసేదెట్లా? మంచానికి తెరుందిగా. వైద్యుడు నా నాడి చూస్తే గుర్రంలా ఉన్నానంటాడు. ఆపైన అత్తగారి వెంట నలభై రోజులు కొండమీది గుడికి మొక్కు. నా వల్ల కాదే తల్లీ!"

ఆహేకి వాదించే ఓపిక కూడా లేదు. తెల్లవారకముందు నుంచి కాలవ నీళ్ళలో దుప్పట్లు ఉతికి వచ్చింది. తెర సందులోంచి చెయ్యి బయటపెట్టింది.

అవతల ఫాంగ్ వైద్యుడు మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించాడు. ఎంతసేపటికీ తియ్యడు.

"ఏమయ్యా, నాటకమేనా?" అత్తగారి గొంతు ఖంగుమంది.

"కాదమ్మా. ఈ ఒంట్లో ప్రాణశక్తి అడుగంటింది. నలభై రోజులు పని ముట్టకూడదు. ముట్టిందా, మనిషి దక్కదు."

మెయ్‌ఝెన్ నవ్వు ఆపుకోలేక నోటికి దిండు అడ్డం పెట్టుకుంది. ఆహే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జబ్బు తనది, మంచం ఇంకొకరిది.

"మందు కాచేదెవరు?" అడిగాడు వైద్యుడు.

"మా ఆహే ఉందిగా. అన్నీ అదే చేస్తుంది."

ఆ మాట వినగానే ఆహే నడుం ఇంకాస్త కుంగింది.

"అయితే వినండి. ఇది మొండి మందు. కాచే మనిషి పొద్దస్తమానం కుండ పక్కనే కూర్చోవాలి. ఇంకో పని చెప్పకూడదు."

"మరి దుప్పట్లెవరు ఉతుకుతారయ్యా?"

"మనిషి దక్కాలా, దుప్పట్లు కావాలా? మొదటి కాపు కషాయం మరీ ఘాటు, కోడలమ్మకి పడదు. పారబొయ్యకుండా కాచిన మనిషే తాగెయ్యాలి, కోడిరసంతో. రెండో కాపులో ఈ చేదువేరు కలిపి కోడలమ్మకివ్వండి. చుక్క మిగిల్చిందా, జబ్బు లేనట్టే. కొండకి తీసుకెళ్ళండి."

మంచం మీద నవ్వు ఆగిపోయింది.

"ఏదమ్మా, ఇంకొక్కసారి చెయ్యి" అన్నాడు వైద్యుడు.

ఈసారి నాడి చూడలేదు. అరచేతిలో ఏదో పెట్టి వేళ్ళు మూశాడు. ఆహే చెయ్యి లోపలికి లాక్కుని గుప్పిట విప్పింది.

బట్టలుతికే చేతుల పగుళ్ళకు రాసుకునే లేపనం.