ఊరికి పోయొచ్చినం

రత్నాకర్ రిపోర్టును డాక్టర్ మాధురి బల్ల మీద పడేశాడు.

"చదువుండ్రి మేడం. నా బిడ్డ నాటకాలు ఆడుతలేదు. అడవిల గోమారి పురుగు కుడితే వచ్చే లైమ్ జబ్బట. ఇంకో దవాఖానల పట్టుకున్నరు."

తొమ్మిదేళ్ల సహస్ర వాచిన మోకాలు చాపుకుని పక్క కుర్చీలో కూర్చుంది.

"మూడుసార్లు తీసుకొస్తే బడి ఎగ్గొట్టనీకి వేషాలన్నరు. కంప్లైంట్ రాసుకొచ్చిన. మీ లైసెన్స్ పోయేదాంక ఇడిచిపెట్ట. ఈ గల్ఫ్‌ల, లుసైల్‌ల డ్యూటీకి రోజూ సెలవు పెట్టి తిరుగుత."

ఆమె రిపోర్టు మొత్తం చదివింది.

"పాపని నేను ఆ మాట అనకుండా ఉండాల్సిందండీ. తప్పు నాదే, కంప్లైంట్ ఇవ్వండి," అంది. "కానీ వేసవిలో జర్మనీ వెళ్ళొచ్చిందని ఇందులో ఉంది. ఈ జబ్బు అక్కడి అడవుల్లో వచ్చేదే, ఇక్కడ రాదు. సెలవుల్లో ఎక్కడికి వెళ్ళారని నేను మొదటి రోజే అడిగాను."

"ఊరికి పోయొచ్చినం అని చెప్పిన."

"ఊరంటే నిజామాబాద్ అనుకున్నాను."

రత్నాకర్ గొంతు తగ్గింది. "జర్మనీల మా చెల్లె ఉంటది. బడి తెరిచినంక గూడ పది రోజులు ఆడనే ఉన్నం. ఊర్ల నానమ్మకు సీరియస్ అని బడికి లెటర్ రాసిన. మీరు రాసే మెడికల్ కాయితం గూడ బడికే పోతది గదా అని…"

 మాధురి కుర్చీ జరుపుకుని సహస్రకి దగ్గరగా కూర్చుంది.

"జర్మనీలో ఉన్నప్పుడు ఒంటి మీద గుండ్రంగా ఎర్రటి మచ్చేమైనా వచ్చిందా తల్లీ?"

 సహస్ర తండ్రి ముఖంలోకి చూసింది.

"చెప్పొచ్చా డాడీ?"