రొట్టెలావిడ

"రొట్టెలావిడ చిన్న టీచర్ పుస్తకంలో కూడా ఉంది సార్."

తొమ్మిదో తరగతి గదిలో వెనక బెంచీ అమ్మాయి అంది. బోర్డు మీద కోటగోడ గీస్తున్న చరిత్ర మాస్టారి చెయ్యి ఆగింది.

అంతకుముందు ఆయన చెప్పింది పాతకాలపు రాతప్రతుల గురించి. అచ్చు లేని రోజుల్లో ఒక పుస్తకం చూసి ఇంకో పుస్తకం రాసుకునేవారు. ఎవరు ఎవర్ని చూసి రాశారో తేల్చాలంటే ఒప్పులు చూసి లాభం లేదు, తప్పులు చూడాలి. ఒప్పు ఎవరికైనా వస్తుంది. ఒకే తప్పు ఇద్దరికి ఊరికే రాదు. పరీక్షల్లో మీరు దొరికిపోయేదీ అలాగే అంటే క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు సద్దుమణిగి, ఆయన కోట కూలిన కథలో రొట్టెలావిడ దాకా వచ్చాకే ఆ అమ్మాయి లేచింది.

"ఏదీ, ఇలా తే."

పిల్లల కోసం బొమ్మలతో వేసిన ప్రపంచ చరిత్ర. అట్ట మీద చిన్న టీచర్ పేరు. నలభై రెండో పేజీలో టర్కుల ఫిరంగులకు కాన్‌స్టాంటినోపుల్ గోడ కూలింది. జనం ఓడల వైపు పరిగెడుతున్నారు. రొట్టెలు కాల్చే ఆవిడ సగం దారిలో ఆగింది. పొయ్యిలో రొట్టెలు మాడిపోతాయని వెనక్కి తిరిగింది.

మాస్టారు పుస్తకం మూశారు. గంట కొట్టేదాకా కిటికీ దగ్గర నిలబడ్డారు.

రొట్టెలావిడ చరిత్రలో లేదు. తేదీలూ రాజులూ వింటూ కునికిపాట్లు పడే పిల్లల్ని లేపడానికి కల్పించిన మనిషి. రెండేళ్ల కిందట మాస్టారు అచ్చు వేయించిన పుస్తకంలో ఉంది. ఇప్పుడు ఇందులో ఉంది.

చిన్న టీచర్ ఆ బళ్లో చేరి మూడేళ్లు. మాస్టారు కూతురిలా చూసుకున్నారు. తనకిష్టమైన పాఠాలు ఆమెకు వదిలారు. క్లాసులోకి వెళ్లగానే మూడో బెంచీ కిటికీ వైపు చూస్తావేమిటమ్మా అని అడిగితే, చిన్నప్పుడు తను చదివిన బళ్లో తన చోటు అదేనని నవ్వేది. ఒకరోజు ఇంటికి తీసుకెళ్లి, ఎప్పుడో ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటున్న భార్యకు పరిచయం చేశారు. ఆడవాళ్లిద్దరూ వంటింట్లో చేతులు పట్టుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆయన వరండాలో పేపరు చదువుకున్నారు. ఇక ప్రతి ఆదివారం ఆ అమ్మాయి వాళ్లింట్లోనే. నోట్సు కట్టలున్న బీరువా కూడా ఆ ఇంట్లోనే.

భార్య పోయి ఏడు నెలలు. ఆఖరి వారం ఆస్పత్రిలో ఆమె తల దువ్వింది ఈ పిల్లే. ఆయనకు మింగుడుపడనిది అదే. పరాయివాళ్లు చేస్తే ఇంత కోత ఉండేది కాదు.

మర్నాడు హెడ్మాస్టరు గదిలో రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరిచి పెట్టారు. చిన్న టీచర్ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ కాగితం కూడా సంతకం కోసం అదే బల్ల మీద ఉంది.

"గోడ అందరిదీ, యుద్ధం అందరిదీ," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "ఈవిడ మాత్రం ఏ చరిత్రలోనూ లేదండీ. మా ఇంట్లో పుట్టింది."

"ఏమ్మా, చూసి రాశావా?" అన్నాడు హెడ్మాస్టరు.

"లేదండీ. విన్నాను."

"ఎవరి దగ్గర?"

ఆమె మాస్టారి వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గొంతు మామూలుగానే ఉంది.

"మీకు తెలియదా మాస్టారూ?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇంకెవరి దగ్గర, ఈయన దగ్గరే," అన్నాడు హెడ్మాస్టరు. "ఒకరి నోట విన్నది నీ పేరుతో అచ్చేసుకుంటే నీదైపోతుందా?"



"అవదండీ," అంది ఆమె, మాస్టారి మీంచి చూపు తిప్పకుండా.

పుస్తకం వెనక్కి తీసుకుంటానని రాసి సంతకం పెట్టి వెళ్లిపోయింది. హెడ్మాస్టరు పర్మనెంటు కాగితాన్ని సొరుగులో పడేశాడు. రేపొకసారి పాత నోట్సు తెమ్మని మాస్టారికి చెప్పాడు. రొట్టెలావిడ ఉన్న పేజీ జెరాక్స్ ఒకటి ఫైల్లో పెడితే ఇక ఎవరూ నోరెత్తరన్నాడు. మాస్టారు తలూపారు.

సాయంత్రం తాళం తీసి లోపలికి వెళ్లారు. గుమ్మం పక్కన భార్య చెప్పులు అలాగే ఉన్నాయి. టీ పెట్టుకోబోయి మానేశారు.

బీరువా పై అరలో ఆయన పుస్తకం కాపీలు ఐదు. మొదటి పేజీలో "నా వెనక నిలిచిన నా భార్యకు" అని అచ్చయి ఉంది. అవి వచ్చిన రోజు ఆమె ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "కాగితం బాగుంది," అంది. తర్వాతెప్పుడూ దాన్ని తెరిచినట్టు లేదు.

కింది అరలోంచి నోట్సు కట్ట దించారు. పురికొస ముడి బిగుసుకుపోయింది. పంటితో విప్పారు. రేపు చూపించడానికి ఒక్క పేజీ దొరికితే చాలు. గోడ కూలిన పేజీ తీసి లైటు కింద పెట్టుకున్నారు.

కట్టలోని మిగతా పేజీలన్నిటిలాగే అది కూడా భార్య గుండ్రటి చేతిరాతలోనే ఉంది, అంచున పదిహేనేళ్ల కిందటి తేదీ వేసి ఎర్ర సిరాతో ఇలా రాసుకుంది: "ఎనిమిది బి - రొట్టెలావిడను ఈరోజే పుట్టించాను, మూడో బెంచీ కిటికీ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది."